పుస్తక విలువ

లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్టు ముందు
నూట ఇరవైకి బేరమాడి కొన్నాను.
అట్ట లేదు. మొదటి పేజీలో నీలి సిరాతో
కె. ప్రసూన, బీకాం రెండో సంవత్సరం.
గుంటూరు పాసింజర్ మంగళగిరి దాటేసరికి
బేరం నాకింకా చేతకాదని తేలింది:
మధ్యలో నలభై పేజీలు లేవు.

పద్దెనిమిదేళ్ళుగా అమ్మోనియాతో కాపురం నాది.
నల్లపాడు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ, ఎనభై వేల బస్తాల మిర్చి.
కంప్రెసర్ గొంతు మారితే నిద్దట్లో లేచి కూర్చుంటాను.
గేజీ ముల్లు వణుకు చదవగలను.
యజమాని గదిలోకి వెళ్తే మాత్రం నిశానీనే.
నేను డిగ్రీలు చెబుతాను, ఆయన రూపాయలు అడుగుతాడు.
“అవన్నీ సరేనండీ, ఎన్నేళ్ళకి తిరిగొస్తుంది?”
గుమాస్తా ఆదిశేషయ్య కళ్ళజోడు మీదుగా
మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసేవాడు.

అందుకీ చదువు, నలభై మూడేళ్ళకి,
నైట్ షిఫ్టులో, లాగ్ బుక్కు కింద దాచుకుని.
ప్రసూన పెన్సిలు ముందు నడిచింది, నేను వెనక.
“ఇది తప్పక వస్తుంది” అని ఆమె రాసిన చోటల్లా
నాకు రాలేదు.

రెండు వైపులా ఎందుకు సమానం కావాలో
మూడు రాత్రులు బుర్రకెక్కలేదు.
నాలుగో రాత్రి కండెన్సర్ మీద నీళ్ళు పడుతుంటే వెలిగింది:
గదిలోంచి లాగిన వేడి బయట ఎక్కడో దిగాల్సిందే.
మాయమవడం ఉండదు. డబ్బూ అంతే.
ఓస్, ఇంతేనా అనుకున్నాను.

సరుకు కదిలితేగానీ అద్దె రాదు,
అద్దె రాకముందే కరెంటు బిల్లు వస్తుంది.
దీనికి పుస్తకంలో పదకొండు పేజీలు.

తరుగుదల దగ్గర ఆగిపోయాను.
ఆదిశేషయ్య బీరువాలోంచి లెడ్జరు తీసి వేలు పెట్టి చూపించాడు:
పెద్ద కంప్రెసర్, పుస్తక విలువ, ఒక్క రూపాయి.
ఆ రూపాయి ఆ పూట కూడా
అంత ఎరుపునీ ఒంటరిగా కాపలా కాస్తూ రొప్పుతోంది.
వెళ్ళి దాని వీపు మీద చెయ్యి వేశాను.
కాలింది.

మే నెలలో, కొత్త యంత్రం కావాలని కాగితం రాశాను.
ఎప్పుడూ నాలుగు పేజీలు, ఈసారి ఒకటే.
కరెంటు ఆదా ఇంత, మరమ్మతులు ఇంత,
మూడేళ్ళ రెండు నెలలకి పెట్టుబడి వెనక్కి.
యజమాని నిలబడే చదివాడు.
“ఇన్నాళ్ళకి మన భాషలోకి వచ్చారండీ!”
పొద్దున సంతకం పెడతానని పేపర్ వెయిట్ కింద పెట్టాడు.

అందులో ఐదో వరుస:
కొత్తది తనే ఆగుతుంది, తనే నడుస్తుంది,
ఆపరేటర్లు ఇద్దరు తగ్గుతారు.
అంకె వేశాను. పేర్లు వెయ్యలేదు.
పేర్లకి గడి ఎక్కడుందో నేను చదివినంతలో లేదు.

రాత్రి జాన్ సైదా రెండు గ్లాసుల్లో టీ తెచ్చాడు.
కోటిరత్నం వాల్వు దగ్గర టార్చి పట్టుకుని ఉన్నాడు.
“ఏంటి సార్ రోజూ చదువుతున్నారు, పరీక్షా?”
“ఆఁ, పరీక్షే.”
“పాసవుతారులే సార్.”

చిరిగిన నలభై పేజీలూ
మనుషుల గురించేనేమోనని విషయసూచిక వెతికాను.
అలా అయితే నాకు కాస్త తేలికయ్యేది.
కాదు, అవి ప్రకటనల పాఠాలు.
మనుషుల అధ్యాయం చివర్లో భద్రంగానే ఉంది, ఆరు పేజీలు.
ప్రసూన అక్కడ ఒక్క గీతైనా గీయలేదు.
పరీక్షకి రాదేమో.

లాగ్ బుక్కు పెన్సిలు చెక్కుకుని
ఆ పేజీ అంచున ఇద్దరి పేర్లూ రాశాను,
గేజీ రీడింగు రాసినట్టు పక్కన టైమేసి:
రెండూ నలభై.

కాగితం ఇంకా ఆయన బల్ల మీదే ఉంది.
ఆయన తొమ్మిదింటికి వస్తాడు.
నా షిఫ్టు ఆరింటికే అయిపోతుంది.